కంపైలర్ నోరు నొక్కకండి

పద్దుల విభాగంలో పనిచేసే ఒక పెద్దాయన ప్రతి నెలా 5వ తేదీన చందాదారులకు రసీదులు పంపేవారు. ఎక్సెల్ పట్టికలో పేర్లు, మొత్తాలు ఉండేవి. మీట నొక్కితే మాక్రో, అంటే ఎక్సెల్ లోపలే రాసిన చిన్న ప్రోగ్రాము, ఒక్కో వరసా చదివి, ఔట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రామును లేపి, ఉత్తరం రాసి పంపేది. నాలుగేళ్లు ఆ పని సాఫీగా సాగింది. ఒక నెల మీట నొక్కగానే ప్రోగ్రాము తెరుచుకుని, ఒక మాటను రంగు వేసి చూపించి ఆగిపోయింది. ఆ మాట ‘డేట్’. పక్కనే, ప్రాజెక్టు గానీ లైబ్రరీ గానీ దొరకడం లేదని చెప్పే ఇంగ్లీషు వాక్యం ఒకటి.

నేను వెళ్లేసరికి ఆయన కుర్చీ చుట్టూ ముగ్గురు కుర్రవాళ్లు నిలబడి ఉన్నారు. డేట్ పాడైందనుకుని దాన్ని తీసి ‘నౌ’ పెట్టారు. ఎర్రర్ కింది వరసలో ఉన్న ‘లెఫ్ట్’ దగ్గరికి జరిగింది. లెఫ్ట్ తీసేస్తే ‘ఫార్మాట్’ దగ్గర నిలబడింది. మధ్యాహ్నానికల్లా నాలుగేళ్లుగా తప్పు లేకుండా నడిచిన కోడును పదకొండు చోట్ల మార్చేశారు. రసీదులు మాత్రం కదలలేదు.

డేట్‌లో ఏ దోషమూ లేదు. టూల్స్ మెనూలో రిఫరెన్సెస్ తెరిచి చూస్తే, టిక్కు పెట్టి ఉన్న లైబ్రరీల (మన కోడు ఆసరాగా వాడుకునే సిద్ధ కోడు మూటల) జాబితాలో ఒకదాని ముందు ‘మిస్సింగ్’ అని ఉంది. అది ఔట్‌లుక్ 16.0 ఆబ్జెక్ట్ లైబ్రరీ. ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఔట్‌లుక్ 2010, అంటే 14.0. ముందు వారం పక్క విభాగంలో ఎవరో కొత్త ఆఫీసు ఉన్న యంత్రంలో ఆ ఫైలును తెరిచి, ఏదో ఒక పేరు సరిదిద్ది, సేవ్ చేసి తిరిగి పంపారు. కొత్త యంత్రంలో తెరిచినప్పుడు రిఫరెన్స్, అంటే టిక్కు పెట్టిన లైబ్రరీతో ఉన్న ఆ లంకె, తనంతట తానే పై సంచికకు మారుతుంది. పాత యంత్రానికి తిరిగి వచ్చినప్పుడు కిందికి దిగి రాదు. ఎక్కడమే గానీ దిగడం తెలియని ఈ స్వభావం ఎన్ని కార్యాలయాల్లో ఎన్ని ఉదయాలను పాడుచేసిందో లెక్క కట్టలేం.

మరి డేట్‌ను ఎందుకు చూపించింది? ఇంటిపేరు లేకుండా ఒక మాట కనిపిస్తే, అది ఎవరిదో తెలుసుకోవడానికి విజువల్ బేసిక్ టిక్కు పెట్టిన లైబ్రరీలన్నిటినీ ఆసరాగా తీసుకుంటుంది. ఆ జాబితాలో ఒక్కటి విరిగి ఉన్నా వెతుకులాట తప్పిపోతుంది. అలా తప్పిపోయిన క్షణంలో చేతిలో ఉన్న మాటను పట్టుకుని మనకు చూపిస్తుంది. దొంగతనం జరిగిన వీధిలో మొదట ఎదురైనవాణ్ణి నిలబెట్టినట్టు. ఆ మాటకు ముందు ‘వీబీఏ’ అని దాని సొంత లైబ్రరీ ఇంటిపేరు తగిలిస్తే ఆ వరస దాటిపోతుంది కూడా. దాటినంత మాత్రాన విరిగిన రిఫరెన్స్ అతుక్కోదు.

నేను 2004లో అమీర్‌పేటలో ఒక అద్దె గదిలో విజువల్ బేసిక్ నేర్చుకున్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా నా బతుకుతెరువులో ఎక్కువ భాగం మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు, ముఖ్యంగా ఔట్‌లుక్‌కు యాడ్-ఇన్‌లు, అంటే దాని లోపల కూర్చుని అదనపు పనులు చేసే ప్రోగ్రాములు, రాయడమే. ఈ ఇరవై ఏళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది, దానికోసమే ఈ వ్యాసం. రిఫరెన్స్ ఎర్రర్లను మనలో చాలామంది పరిష్కరించడం లేదు, మాయం చేస్తున్నాం. కంపైలర్, అంటే మన కోడును యంత్రానికి అర్థమయ్యేలా మార్చుతూ తప్పులు పట్టే ప్రోగ్రాము, అరిచే నోటిని ఏదో ఒకలా నొక్కేసి పని అయిపోయిందంటున్నాం. అక్కడ ఆగిన అరుపు ఇంకెక్కడో, ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తెలియని మనిషి ముందు బయటపడుతోంది. ఇది నాకు నైపుణ్యానికి సంబంధించిన విషయంగా కంటే నిజాయితీకి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది.

నోరు నొక్కడం అంటే ఏమిటో చెప్పడానికి నా కళ్లారా చూసిన ఒక సంఘటన చెబుతాను. ఒక విద్యాసంస్థలో పరీక్ష ఫీజు గడువు గురించి తల్లిదండ్రులకు ఉత్తరాలు పంపే మాక్రో ఉండేది. గడువు దగ్గర పడినప్పుడు వెళ్లే ఉత్తరాలకు ‘అత్యవసరం’ అనే గుర్తు పెట్టాలి. ఔట్‌లుక్‌లో ఆ గుర్తుకు మూడు విలువలున్నాయి. తక్కువ ప్రాధాన్యానికి 0, మామూలుకు 1, ఎక్కువకు 2. కోడులో మనం అంకె రాయం, ‘ఓఎల్ ఇంపార్టెన్స్ హై’ అనే పేరు రాస్తాం. ఆ పేరుకు 2 అని అర్థం చెప్పేది ఔట్‌లుక్ లైబ్రరీ.

అక్కడి యంత్రాల్లో రకరకాల ఆఫీసు సంచికలు ఉండడంతో తరచూ రిఫరెన్స్ విరిగేది. దాంతో అక్కడి ప్రోగ్రామర్ లేట్ బైండింగ్‌కు మారాడు. అంటే లైబ్రరీకి టిక్కు తీసేసి, చలరాశులన్నిటినీ ఉత్త ‘ఆబ్జెక్ట్’గా ప్రకటించి, నడిచే సమయంలో ఔట్‌లుక్‌ను పేరు పెట్టి పిలవడం. అంతవరకు తప్పు లేదు, నేనూ ఆ దారిలో నడిచిన సందర్భాలున్నాయి. కానీ టిక్కు తీయగానే ‘ఓఎల్ ఇంపార్టెన్స్ హై’ అంటే ఏమిటో చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా పోయారు. కంపైలర్ వెంటనే పట్టుకుంది, ఈ పేరు ఎక్కడా ప్రకటించలేదని. అతను ఫైలు మొదట్లో ఉన్న ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ అనే వరసను చెరిపేశాడు. ప్రకటించని పేరు ఒక్కటి కూడా ఉండకూడదని కాపలా కాసే వరస అది. చెరిపేయగానే ఎర్రర్ పోయింది. ప్రోగ్రాము నడిచింది. ఉత్తరాలు వెళ్లాయి.

కాపలా లేనిచోట, ప్రకటించని పేరు ఖాళీ విలువగా పుడుతుంది. ఖాళీని అంకెగా చదివితే సున్నా. సున్నా అంటే తక్కువ ప్రాధాన్యం. ‘చివరి గడువు’ అని రాసిన ప్రతి ఉత్తరమూ ఎర్రటి ఆశ్చర్యార్థకానికి బదులు కిందికి చూసే నీలి బాణంతో, అంత ముఖ్యం కాదులే అన్న గుర్తుతో వెళ్లింది. ఆరు వారాలు. ఒక్క ఎర్రర్ రాలేదు, ఒక్క హెచ్చరిక రాలేదు. ఫీజు కట్టడం ఆలస్యమైన ఒక తండ్రి తన ఫోను తెచ్చి చూపించేదాకా ఎవరికీ తెలియలేదు. అదే కోడులో ఉత్తరాన్ని సృష్టించే స్థిరాంకం (ఇలా ఒక అంకెకు పెట్టిన పేరు) విలువ ఎలాగూ 0 కాబట్టి, ఆ వరస మాత్రం అదృష్టవశాత్తూ సరిగ్గానే పనిచేసింది. అందుకే అందరూ అంతా బాగుందనుకున్నారు. అక్కడే సమావేశాన్ని సృష్టించే స్థిరాంకం ఉండి ఉంటే, దాని అసలు విలువ 1 కాబట్టి, సమావేశానికి బదులు ఉత్తరం పుట్టేది. ప్రారంభ సమయం నింపే వరస దగ్గర ప్రోగ్రాము ఆగిపోయేది. అది నయం, కనీసం తెలిసేది.

ఆ తండ్రి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా నాకు కంపైలర్ మీద గౌరవం పెరుగుతుంది. అది మొదటి రోజే, మొదటి నిమిషంలోనే చెప్పింది. మనిషే దాని మాట కాదన్నాడు.

నాతో వాదించే మిత్రులున్నారు. ఊరంతా ఒకే సంచిక వాడదు కదా, ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో ఆఫీసు ఉన్నప్పుడు లేట్ బైండింగ్ తప్ప మార్గం ఏమిటి అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. 2007కు 12, 2010కు 14, 2013కు 15, ఆ తర్వాత వచ్చినవన్నీ 16. పదమూడును వదిలేశారు. ఇన్నింటినీ ఒకే ఫైలు తట్టుకోవాలంటే గట్టి రిఫరెన్స్ ఇబ్బందే. కానీ నా పద్ధతి ఇది: రాసేటప్పుడు లైబ్రరీకి టిక్కు పెట్టుకునే రాస్తాను. పేర్లు తప్పితే కంపైలర్ పట్టుకోవాలి, గుణాల జాబితా కళ్ల ముందు కనిపించాలి. పంపే ముందు టిక్కు తీస్తాను. నేను వాడిన స్థిరాంకాలన్నిటినీ, వాటి అసలు విలువలతో, ఒక విడి మాడ్యూల్‌లో నా చేత్తో ప్రకటిస్తాను. ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ ఉంచి డీబగ్ మెనూలో మళ్లీ కంపైల్ చేస్తాను. ఆ రెండో కంపైల్‌లో వచ్చే ప్రతి అరుపునూ వింటాను. దీనికి పట్టే సమయం అరగంట. ఇక రిఫరెన్స్ ఉంచే పంపాల్సి వస్తే, వాడుకలో ఉన్న అన్నిటికంటే పాత సంచిక ఉన్న యంత్రంలోనే రాసి సేవ్ చేస్తాను. పైకి ఎక్కడం దానికి తెలుసు కాబట్టి కొత్త యంత్రాల్లో దానంతట అదే సర్దుకుంటుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఇంకో అలవాటు, కనిపించిన ప్రతి లైబ్రరీకీ టిక్కు పెట్టడం. ఎందుకైనా మంచిదని. ఎక్సెల్‌కూ ఔట్‌లుక్‌కూ వర్డ్‌కూ మూడింటికీ ‘అప్లికేషన్’ అనే పేరు ఉంది. ఎక్సెల్ ఫైలులో ఉత్త అప్లికేషన్ అని రాస్తే, జాబితాలో పైన ఉన్న ఎక్సెల్‌దే చెల్లుతుంది. దానిమీద ఉత్తరం సృష్టించమని అడిగితే, ఆ పద్ధతి దీనికి లేదని నడిచే సమయంలో ఎర్రర్ వస్తుంది. టిక్కు పెట్టాను కదా, ఇంకా లేదంటుందేమిటని మనం కోప్పడతాం. పిలిచింది వేరే ఇంటి మనిషిని.

ఇంటిపేర్ల సంగతి సీ-షార్ప్ భాషకు వచ్చేసరికి ఇంకా తీవ్రం. మొదటిసారి ఔట్‌లుక్ యాడ్-ఇన్ రాసే వాళ్లు ఫైలు మొదట్లో ఔట్‌లుక్ ఇంటరాప్ నేమ్‌స్పేస్ (సీ-షార్ప్‌కు ఔట్‌లుక్‌ను పరిచయం చేసే పేర్ల సముదాయం) మొత్తాన్నీ లోపలికి పిలుస్తారు. వెంటనే సీఎస్ 0104 అనే ఎర్రర్ వస్తుంది. ‘ఎక్సెప్షన్’ అనే పేరు రెండు చోట్ల ఉంది, మీరు అడిగేది ఏది అని దాని ప్రశ్న. ప్రోగ్రామర్‌కు తెలిసిన ఎక్సెప్షన్ ఒకటే, దోషం తలెత్తినప్పుడు పట్టుకునేది. ఔట్‌లుక్‌లో ఎక్సెప్షన్ అంటే వేరు. ప్రతి సోమవారం జరిగే సమావేశం, దసరా వచ్చిన సోమవారం మాత్రం మంగళవారానికి జరిగితే, ఆ ఒక్క మార్పు పేరు ఎక్సెప్షన్. తెలుగులో మనకు రెండు మాటలున్నాయి, ఒకటి దోషం, ఇంకొకటి మినహాయింపు. ఇంగ్లీషులో ఒకే మాట కావడంతో ఈ తకరారు. కంపైలర్ నోరు మూయించాలని దోషాల ఎక్సెప్షన్ ఉండే ‘సిస్టమ్’ నేమ్‌స్పేస్‌ను పిలిచే వరస తీసేస్తే సీఎస్ 0155 వస్తుంది, పట్టుకునేది సిస్టమ్ ఎక్సెప్షన్ వంశానిదే అయి ఉండాలని. ఇప్పుడది సమావేశపు మినహాయింపును పట్టుకోబోయి, ఇది దోషం కాదే అంటోంది. ఎంత సరైన మాట! చేయవలసింది చిన్నదే. నేమ్‌స్పేస్‌ను మొత్తంగా లోపలికి తెచ్చుకోకుండా ‘ఔట్‌లుక్’ అనే చిన్న పేరు కట్టి, ఆ లైబ్రరీకి చెందిన ప్రతిదాన్నీ ఆ ఇంటిపేరుతో పిలవడం.

ఉత్తరాన్ని మూసే ‘క్లోజ్’ దగ్గర కూడా ఇలాంటిదే, సీఎస్ 0467 అనే హెచ్చరిక వస్తుంది. మూయడం అనే పనికీ, మూసినప్పుడు మోగే సంఘటనకూ (ఈవెంట్‌కూ) ఒకే పేరు ఉండడం కారణం. హెచ్చరికే కదా అని వదిలేసే వాళ్లను చూశాను. ముందు ఒక అండర్‌స్కోర్ ఉన్న మెయిల్ ఐటమ్ ఇంటర్‌ఫేస్‌గా (ఒక వస్తువుతో ఏ పనులు చేయించవచ్చో చెప్పే జాబితాగా) మార్చి పిలిస్తే ఆ సందేహం తీరిపోతుంది. ఒక్క వరస పనే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన ఎర్రర్ దగ్గరికి వస్తాను.

మా దగ్గర ఒక చిన్న సహాయక ప్రోగ్రాము ఉండేది. యాడ్-ఇన్‌లా ఔట్‌లుక్ లోపల కూర్చోకుండా, బయట నడుస్తూ ఔట్‌లుక్‌తో మాట్లాడి క్యాలెండర్‌ను మా డేటాబేస్‌తో సరిచూసేది. వందకు పైగా యంత్రాల్లో బాగా నడిచింది. ఒక్క యంత్రంలో మాత్రం తెరవగానే పడిపోయేది. వచ్చిన సందేశం అయిదారు వరసల పొడవు. మొదటి మాటల్లో, ఔట్‌లుక్ అప్లికేషన్ క్లాసును అండర్‌స్కోర్ అప్లికేషన్ ఇంటర్‌ఫేస్‌గా మార్చలేకపోయామని ఉంటుంది. ఇది చదివిన ప్రతివాడూ కోడులో ఆ మార్పిడి జరిగే వరసకు వెళ్తాడు. మా జట్టులోనూ అదే జరిగింది. రెండు రోజులపాటు ఆ వరసను అయిదు రకాలుగా రాశారు. ఒకరు ‘డైనమిక్’ (రకం ఏదో నడిచేటప్పుడే చూసుకోమనే మాట) పెట్టి చూశారు. ఎర్రర్ పేరు మారింది, మనిషి బాధ మారలేదు.

ఆ సందేశాన్ని చివరిదాకా చదివితే చివరి వాక్యంలో ఇంకో విషయం ఉంది. టైప్ లైబ్రరీని లోడ్ చేయడంలో దోషం, దాని సంకేతం 80029సీ4ఏ. జవాబు అక్కడ ఉంది. రెండు వేర్వేరు ప్రోగ్రాములు మాట్లాడుకోవాలంటే మధ్యలో విండోస్ దుబాసీగా నిలబడాలి. ఏ ఇంటర్‌ఫేస్ ఎలా ఉంటుందో ఆ దుబాసీకి తెలియాలి. అది టైప్ లైబ్రరీలో రాసి ఉంటుంది. టైప్ లైబ్రరీ ఏ ఫోల్డర్‌లో ఉందో రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన వివరాలు రాసుకునే చిట్టాలో, రాసి ఉంటుంది. 00062ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ అని మొదలయ్యే గుర్తింపు సంఖ్య కింద ఔట్‌లుక్ సంచికలన్నీ వరసగా నమోదవుతాయి. 2007ది 9.3, 2010ది 9.4, 2013ది 9.5, 2016ది 9.6.

ఆ యంత్రంలో ఔట్‌లుక్ 2010 ఉంది. రిజిస్ట్రీ తెరిస్తే 9.4తో పాటు 9.5 కూడా కనిపించింది. వాళ్లు కొన్నాళ్లు 2013ను పరీక్షగా పెట్టుకుని, నచ్చక తీసేశారు. ఫైళ్లన్నీ పోయాయి, నమోదు మాత్రం మిగిలింది. పొలం ఎప్పుడో చేతులు మారినా అడంగల్‌లో పాత పేరే నిలిచిపోయినట్టు. దుబాసీ ఆ 9.5 నమోదును నమ్మి, అది చూపించిన ఫోల్డర్‌కు వెళ్లాడు. అక్కడ ఏమీ లేదు. వెనక్కి వచ్చి, మార్చలేకపోయాను అన్నాడు.

ఆ 9.5 శాఖను ముందు ఒక ఫైలుగా ఎగుమతి చేసి దాచుకుని, ఆ తర్వాత తొలగించాం. ప్రోగ్రాము ఆ క్షణమే తెరుచుకుంది. కోడులో ఒక్క అక్షరం మార్చలేదు. రెండు రోజులుగా మార్చినవన్నీ వెనక్కి తీసుకున్నాం. దాచుకోకుండా రిజిస్ట్రీలో దేన్నీ తొలగించకండి, ఈ మాట మాత్రం పట్టుబట్టి చెబుతున్నాను.

నేను పదో తరగతిదాకా తెలుగు మాధ్యమంలో చదివాను. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామంది అలాంటివాళ్లే. ఇంగ్లీషు సందేశం కనిపించగానే ఒక జంకు ఉంటుంది. మొదటి నాలుగు మాటలు పట్టుకుని, వాటినే వెతుకుడు పెట్టెలో అతికించి, వచ్చిన మొదటి జవాబును కోడులో పెట్టేస్తారు. ఆ జంకు నాకు తెలుసు కాబట్టి వాళ్లను తప్పుపట్టను. వాళ్లతో ఒకే పని చేయిస్తాను, సందేశం మొత్తాన్నీ తెలుగులో చెప్పమంటాను. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. చివరిదాకా వినకపోతే వచ్చాడో రాలేదో తెలియదు. ఆ అలవాటు మన రక్తంలో ఉంది, ఎర్రర్ ముందు కూర్చోగానే దాన్ని మరచిపోతాం. తెలుగులో చెప్పడం మొదలుపెడితే తలవంచుకుని చివరిదాకా వెళ్లక తప్పదు. సీఎస్ 0246 వస్తే, ‘ఈ పేరు నాకు తెలియదు, పైన పిలవడం మరిచారా, లేక అసెంబ్లీని (కంపైల్ చేసిన లైబ్రరీ ఫైలును) జత చేయడం మరిచారా?’ అని రెండు ప్రశ్నలు అడుగుతోందని వాళ్లకు వాళ్లే కనుక్కుంటారు. పిలవడం వేరు, జతచేయడం వేరు. ఈ రెండూ వేర్వేరని తెలియకుండా మూడేళ్లు ఉద్యోగం చేసినవాళ్లను కలిశాను.

సీఎస్ 0012 ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. ఫలానా రకం ఫలానా అసెంబ్లీలో ఉంది, దాన్ని మీరు జత చేయలేదు, జత చేయండి అని పేరుతో సహా చెబుతుంది. ఔట్‌లుక్ యాడ్-ఇన్‌లో రిబ్బన్ (కిటికీ పైన బొత్తాలుండే పట్టీ) మీద బొత్తాం పెట్టబోయినప్పుడు ఇది తరచూ వస్తుంది. రిబ్బన్‌కు సంబంధించిన రకాలు ఔట్‌లుక్ లైబ్రరీలో ఉండవు, ఆఫీసు మొత్తానికి ఉమ్మడిగా ఉన్న ఇంకో లైబ్రరీలో ఉంటాయి. ఔట్‌లుక్‌ను జతచేశాను, ఇంకేం కావాలి అనుకుంటాం. ఉమ్మడి ఆస్తి పత్రాలు పెద్దింట్లో ఉంటాయి.

జతచేసిన లైబ్రరీ గుణాల్లో ‘ఎంబెడ్ ఇంటరాప్ టైప్స్’ అనేది ఒకటుంది. ప్రోగ్రాములు రాసే విజువల్ స్టూడియో 2010తో వచ్చిన మంచి ఏర్పాటు అది. మనం వాడిన రకాల వివరాలను మాత్రమే మన ఫైలులోకి కలుపుతుంది, వాడుకరి యంత్రంలో విడిగా ఇంటరాప్ అసెంబ్లీ ఉండనవసరం లేదు. దాన్ని ఆన్ చేసినప్పుడు సీఎస్ 1752 వస్తే, ‘అప్లికేషన్ క్లాస్’ అని రాసిన చోట ‘అప్లికేషన్’ అని రాయాలి. చాలామంది ఆ గుణాన్నే ఆపేస్తారు. మళ్లీ అదే, నోరు నొక్కడం. ఒక్క మాట మార్చితే పోయేదానికి, వాడుకరుల యంత్రాలన్నిటి మీదా ఒక కొత్త భారం వేస్తున్నాం.

‘నా యంత్రంలో నడుస్తోంది’ అనే మాట గురించి కూడా చెప్పాలి. నా యంత్రంలో ఔట్‌లుక్ ఉంది కాబట్టి దాని టైప్ లైబ్రరీ నమోదై ఉంది, కాబట్టి బిల్డ్ అవుతుంది. బిల్డ్ సర్వర్‌లో, అంటే జట్టు మొత్తం కోడునూ ఒకచోట కంపైల్ చేసే యంత్రంలో, ఔట్‌లుక్ ఎందుకుంటుంది? అక్కడ ఎంఎస్‌బీ 3284 అనే ఎర్రర్ వస్తుంది, ఈ సంచిక టైప్ లైబ్రరీ ఎక్కడుందో తెలియడం లేదని. ప్రాజెక్టును కామ్ (విండోస్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) రిఫరెన్స్‌తో కాకుండా ఇంటరాప్ అసెంబ్లీ ఫైలుతో కట్టుకుంటే ఆ సర్వర్‌లో ఆఫీసును పెట్టనవసరం లేదు. 64 బిట్ల గొడవ కూడా ఈ కోవలోదే. ఆఫీసు 2010 నుంచి 32, 64 బిట్ల రెండు రకాలుగానూ వస్తోంది. పాత కోడులో విండోస్ ఫంక్షన్లను ప్రకటించిన వరసలన్నీ 64 బిట్ల ఆఫీసులో కంపైల్ కాకుండా ఆగిపోతాయి, వాటిని సరిచూసి ‘పీటీఆర్ సేఫ్’ అని గుర్తు పెట్టమంటుంది. గుర్తు పెట్టమంది కదా అని అన్ని వరసలకూ ఆ మాట తగిలించి, హ్యాండిళ్లూ పాయింటర్లూ (విండోస్ ఇచ్చే గుర్తులూ మెమరీ చిరునామాలూ) ఉన్న చోట ‘లాంగ్’ను ‘లాంగ్ పీటీఆర్’గా మార్చకుండా వదిలేస్తే కంపైలర్ ఊరుకుంటుంది. ఔట్‌లుక్ మాత్రం ఒక రోజు ఉన్నట్టుండి మూసుకుపోతుంది. సరిచూడమనే మాట ఆ సందేశంలోనే ముందు ఉంది. అది చేయకుండా రెండోది మాత్రం చేశాం.

యాడ్-ఇన్ విషయంలో ఇంకో ఇబ్బంది, అది మౌనంగా చనిపోవడం. బిల్డ్ అంతా సరిగానే అయి, ఔట్‌లుక్ తెరిస్తే మన బొత్తాం కనిపించదు. రిజిస్ట్రీలో యాడ్-ఇన్ పేరు కింద ‘లోడ్ బిహేవియర్’ విలువ 3 ఉండాల్సింది 2 అయి ఉంటుంది. లోడ్ కాబోయి ఏదో లైబ్రరీ దొరకక పడిపోయిందని అర్థం. దాన్ని చేత్తో మళ్లీ 3 చేసి సంతోషించే వాళ్లున్నారు. మరుసటి తెరుపులో మళ్లీ 2 అవుతుంది. వీఎస్‌టీఓ (విజువల్ స్టూడియో పనిముట్లతో రాసే) యాడ్-ఇన్‌ల కోసం ‘వీఎస్‌టీఓ సప్రెస్ డిస్‌ప్లే అలర్ట్స్’ అనే ఎన్విరాన్‌మెంట్ చలరాశి ఉంది. పదాల మధ్య అండర్‌స్కోర్ ఎక్కడెక్కడ వస్తుందో చూసుకుని దానికి 0 పెడితే, అణచిపెట్టిన ఎర్రర్ సందేశం తెరమీదికి వస్తుంది. నేను కొత్త యంత్రంలో మొదట చేసే పని అదే. మూగవాడికి మాట వచ్చినంత మేలు.

ఇదంతా పాత కథ, కొత్త ఔట్‌లుక్‌లో కామ్ యాడ్-ఇన్‌లు అసలు నడవవు కదా, ఇంకా ఎందుకీ చర్చ అని అడగవచ్చు. నిజమే, 2024 ఆగస్టులో వ్యాపార సంస్థలకు అందుబాటులోకి వచ్చిన కొత్త విండోస్ ఔట్‌లుక్‌లో నడిచేవి వెబ్ యాడ్-ఇన్‌లే. మేమూ మా పనిని ఒక్కొక్కటిగా జావాస్క్రిప్ట్‌లోకి మారుస్తున్నాం. మొదటి వారంలోనే టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్‌కు రకాల తనిఖీ చేర్చిన భాష) కంపైలర్ టీఎస్ 2304 అంది, ‘ఆఫీస్ అనే పేరు దొరకలేదు’ అని. ఆఫీస్ జేఎస్‌కు, అంటే వెబ్ యాడ్-ఇన్‌లు వాడుకునే ఆఫీసు లైబ్రరీకి, సంబంధించిన రకాల వివరాల ప్యాకేజీని జత చేస్తే అది తీరుతుంది. కానీ మా కుర్రవాడు ఒకడు దానికి బదులు, ఆఫీస్ అనేది ఏ రకమైనా కావచ్చని ఒక వరసలో తనే ప్రకటించాడు. ఎర్రర్ పోయింది. ఆ తర్వాత ఏ పేరు తప్పు రాసినా కంపైలర్ మాట్లాడలేదు. పదిహేనేళ్ల కిందట ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్‌ను చెరిపేసిన చెయ్యే మళ్లీ కనిపించింది నాకు. భాష మారింది, అలవాటు మారలేదు.

అతనితో ఆ వరస తీయించి, ప్యాకేజీ జత చేయించాను. ఒకేసారి పద్నాలుగు ఎర్రర్లు వచ్చాయి. అతని ముఖం వాడిపోయింది. ఒక్కొక్కటీ తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాం. అలా వెళ్తుండగా రెండు నిజమైన తప్పులు బయటపడ్డాయి, వాటిలో ఒకటి చెబుతాను. ఉత్తరం విషయాన్ని (సబ్జెక్టును) రాసేటప్పుడు ఒక తీరు, చదివేటప్పుడు ఇంకో తీరు ఉంటుంది. చదివేటప్పుడు అది నేరుగా అక్షరాలే. రాసేటప్పుడు ఒక వస్తువు, దాన్ని అడిగితే తర్వాత జవాబిస్తుంది. అతను రెండు చోట్లా అక్షరాలే అనుకున్నాడు. వాడుకరి కొత్త ఉత్తరం తెరిచిన రోజున అది పడిపోయేది.

మొన్న ఆదివారం ఉదయం ఆ కుర్రవాడే ఫోను చేశాడు. పాత సహాయక ప్రోగ్రాము ఇంకా నడుస్తున్న ఒక కార్యాలయంలో ఉన్నాడు.

“అన్నా, మళ్లీ ఆ మార్చలేకపోయాననే ఎర్రర్ వచ్చింది. చివరిదాకా చదివాను. కానీ చివర 80029సీ4ఏ లేదు. 8002801డీ ఉంది.”

“ఆ పక్కన ఏమని ఉంది?”

“లైబ్రరీ నమోదు కాలేదని.”

“పోయినసారి ఏమంది?”

అవతల కాసేపు చప్పుడు లేదు. “పోయినసారి లోడ్ కాలేదంది. అంటే అప్పుడు నమోదు ఉంది, ఫైలు లేదు. ఇప్పుడు...” అని ఆగి, “ఇప్పుడు నమోదే లేదు. రిజిస్ట్రీ తెరుస్తున్నాను, ఉండండి” అన్నాడు.